మా మేనత్తకొచ్చిన ఇంగ్లీషు ఉత్తరం

అరవైల మొదట్లో, నేను గుంటూరులో బి.ఏ. చదివేటప్పుడు, మా సైకాలజీ లెక్చరరు గారు నన్నొక పథకంలో చేర్పించారు. పై దేశాల మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇక్కడి విద్యార్థులకు ఉత్తరాల్లోనే పాఠాలు చెబుతారు. నా వంతుకు ఒక ప్రొఫెసరమ్మ వచ్చింది. బ్రాడీపేటలో నా గదికి ఆమె నీలం ఎయిర్‌మెయిల్ ఉత్తరం వచ్చిన రోజు నా కాళ్లు నేలమీద ఉండేవి కావు. పక్క గదివాళ్లకు వినబడేలా చదివేవాణ్ణి. అంత పొగరు నాకు.

బాగా తెలిసిన మనిషినొకరిని గమనించి రాయమంది ఆమె. నాకు మా మేనత్త గుర్తొచ్చింది. భర్త పోయాక ఊళ్లో మా ఇంట్లోనే ఉండేది. ఒక్కగానొక్క కూతురు పదేళ్లప్పుడు మశూచితో పోయింది. ఏటా కల్లంలో ఎండు మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ అత్తయ్య ఆ పిల్లతో మాట్లాడేది. ఎండలో తిరగొద్దనేది, జడేస్తా కదలకు అనేది. కాయలేరే ఆడవాళ్లు అత్తయ్య పక్కన ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీగా ఉంచి, మాట చెవిన పడనంత దూరం జరిగేవాళ్లు. అలా జరగమని వాళ్లకెవరూ చెప్పలేదు.

గోడలకు చెవులుంటాయంటారు. ఆ ఏడు మా మిరపకాయల రాశికీ ఉన్నాయి, అవి నావి. శివరాత్రి సెలవుల్లో రాశి వెనక నక్కి, ఘాటుకు తుమ్మొస్తే ముక్కు నొక్కుకుంటూ, మూడు రోజులు అంతా రాసుకున్నాను.

ప్రొఫెసరమ్మ తెగ మెచ్చుకుంది. చివర్న మాత్రం ఒక ప్రశ్న వేసింది. ఇదంతా నువ్వు రాస్తున్నట్టు ఆమెకు తెలుసా, ఒప్పుకుందా? ఒప్పుకుంటే ఆమెకు నేనే కృతజ్ఞతలు చెప్పుకోవాలి, చిరునామా పంపు అంది. ఒప్పుకుందని రాసేశాను. చిరునామా కూడా ఇచ్చాను. ఇంగ్లీషు ఉత్తరమేగా, చదివిపెట్టేది నేనేగా అనుకున్నాను.

వేసవి సెలవులకు వెళ్లేసరికి ఆఖరి కోత కాయలు కల్లంలో ఉన్నాయి. అత్తయ్య పెట్టెలోంచి ఉత్తరం తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకొచ్చిందిరా. చదివి చెప్పు."

మీ అమ్మాయితో మీరు చెప్పుకునే మాటలు మీ మేనల్లుడు రాసి పంపాడు, అవి చదివి ఏడ్చాను, రాయనిచ్చినందుకు మీకు రుణపడ్డాను అని ఉంది అందులో. కాగితం మీంచి కళ్లెత్తకుండా చెప్పాను.

"నేను బాగా చదువుతున్నానంట అత్తయ్యా. నీ ఒంట్లో ఎలా ఉందని అడిగింది."

"అంతేనా?"

"అంతే."

అత్తయ్య ఉత్తరం వెనక్కి తీసుకుని, ఏ మడతకామడత జాగ్రత్తగా వేసింది.

"బడిపంతులు గారు నిన్ననే చదివి చెప్పారురా. నీ నోటితో నువ్వే చెబుతావేమోనని ఇచ్చా."

నాకు తల తీసేసినట్టయింది. తిట్టినా బాగుండేది, తిట్టలేదు. "కూలికొచ్చినోళ్లు కూడా ఇన్నేళ్లూ వినలేదురా," అంది. క్షమించమని అడగాలని తెలుసు. ఏ మొహం పెట్టుకుని అడగను? లేచి వీధిలోకి పోయాను.

ప్రొఫెసరమ్మకు కూడా నిజం రాయలేదు. మీ ఉత్తరం చూసి మా అత్తయ్య ఎంతో సంతోషించింది అని రాశాను. ఏడాది చివర నా పేరుతో ఒక సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని గోడకు తగిలించే ధైర్యం లేక ట్రంకుపెట్టె అడుగున పడేశాను. ఇప్పటికీ ఎవరికీ చూపించలేదు.

ఉత్తరం చదివిన మర్నాడు కల్లంలోకి వెళ్లాను. ఆడవాళ్లు ఎప్పట్లాగే దూరంగా సర్దుకుంటున్నారు. అత్తయ్య తన పక్కనున్న ఖాళీ చోటును అరచేత్తో తుడిచి, వాళ్లలో ఒకామెను పిలిచింది.

"ఇటొచ్చి కూర్చోవే. ఇక్కడ ఎవరూ లేరుగా."

ఆమె బిక్కుబిక్కుమంటూ వచ్చి కూర్చుంది. పొద్దు వాలేదాకా అత్తయ్య తలొంచుకుని తాలుకాయలు ఏరింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత అత్తయ్య బతికిన పదకొండేళ్లలో ఏ ఏడూ కల్లంలో మాట్లాడలేదు.