నర్సింహ లెక్కలో రెండు జాతులు

ఛత్రినాక పాలవాడు నర్సింహ దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే జాతులు: పాలిచ్చేవి, ఊరికే మేసేవి. కొట్టంలో బర్రెలన్నీ మొదటి జాతి. ఎలుకలను పట్టినా సరే, పిల్లి రెండో జాతే. ఇక బామ్మర్ది మొగులయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు, అన్నం వేళకు తప్ప కనబడడు మహానుభావుడు!

దేశాల మధ్య పెద్ద లడాయి నడుస్తూ తవుడు ధర మండిపోతున్న ఆ రోజుల్లో, ఒక బర్రెకు దున్నదూడ పుట్టింది. అది కాస్త ఎదిగాక, దీపావళి దాటగానే అమ్ముతానని బేరగాడు గుండయ్యకు నర్సింహ మాటిచ్చేశాడు. భార్య సత్తెమ్మేమో దానికి నవాబు అని పేరు పెట్టి, చాటుగా బెల్లం తినిపిస్తూ వెంట తిప్పుకునేది.

"పాలియ్యదు, పిల్లనియ్యదు. దానికెందుకే బెల్లం?" అన్నాడొకనాడు నర్సింహ.

పేడ తీస్తున్న సత్తెమ్మ ఆగింది. "నేను గూడ గంతే గద. మరి నీ రెండు జాతులల్ల నన్నెందుల ఏస్తవ్?"

పెళ్లై ఇన్నేళ్లయినా ఆమె ఒళ్లో బిడ్డ లేదు. నర్సింహ పాలబిందె ఎత్తుకొని మొఘల్‌పురాలో వాడుకగా పాలు పోసే ఇళ్లకు పోయాడు గానీ, ఎంత పాడుమాట అన్నానని దారంతా తనను తానే తిట్టుకున్నాడు.

దీపావళి మర్నాడు సదర్, పాలవాళ్లంతా పశువులను సింగారించి ఊరేగించే పండుగ. సత్తెమ్మ నవాబుకు నూనె రాసి నిగనిగలాడించింది. మెడకు గవ్వల పట్టీ, అప్పుడప్పుడే వస్తున్న కొమ్ములకు నెమలి ఈకలు కట్టింది. డప్పు మోగిందో లేదో, ఆ పోకిరీ దూడ చిందులేస్తూ పోయి మొగులయ్య తలపాగాను లాక్కొని నమలసాగింది. వీధంతా గొల్లుమంది. సత్తెమ్మ కడుపు పట్టుకొని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆమె ఇంతగా నవ్వడం నర్సింహ ఎన్నడూ చూడలేదు.

అంతలో గుండయ్య తాడు పట్టుకొని వచ్చాడు. "నర్సింహన్నా, పండుగైపాయె. తోలుకపోత మరి."

"నేనియ్య, పో," అన్నాడు నర్సింహ.

"మాటిచ్చినవ్ గద! పాగలైనవా భాయ్? పాలియ్యదు, బండి గుంజెటందుకు ఇంకా ఏండ్లు పడ్తది. ఏం పనికొస్తది నీకు?"

సత్తెమ్మ ఇంకా నవ్వుతూనే దూడ నోట్లోంచి తలపాగా గుంజుతోంది. నర్సింహ అటే చూస్తూ అన్నాడు:

"నా పెండ్లాన్ని నవ్విస్తది. గా పని ఇన్నేండ్లల్ల నాతోని గూడ కాలే."