డైనింగ్ టేబుల్ మీద యుద్ధం

నాచారంలో ఉప్పలయ్య దగ్గర బట్టలు కుట్టించుకునే వాళ్లందరికీ ఒక మాట కంఠతా వచ్చు. "గుండీలొక్కటే ఉన్నయ్ సార్, రేపు రండ్రి." నా ప్యాంటు కిందటి దసరా నుంచీ ఆ గుండీల దగ్గరే ఆగింది. కాబట్టి నేను ఆయన గురించి నిష్పక్షపాతంగా రాస్తానని ఎవరూ ఆశపడవద్దు.

ఆదివారాలు ఆయన పట్టాభిరామయ్య గారింట్లో యుద్ధం చేస్తాడు. పట్టాభిరామయ్య గారు కాకినాడ నుంచి వచ్చి, ఇక్కడి కంపెనీలో గుమాస్తాగా రిటైరైన మనిషి. పన్నెండేళ్ల కిందట అల్లుడు తేజేష్ ఒక పెట్టె ఇచ్చాడు. అందులో వేలెడంత రాక్షసులు, మరుగుజ్జులు, ఫిరంగులు, రూల్స్ పుస్తకం. డైనింగ్ టేబుల్ మీద అట్టముక్కల కొండలు పెట్టి, పాచికలు వేసి, ఒకరి తర్వాత ఒకరు సైన్యాన్ని అంగుళాల లెక్కన జరపాలి. ప్యాంటు కొలతలకు వచ్చిన ఉప్పలయ్య, సారు స్కూలు స్కేలుతో కొండ చుట్టూ కొలవడం చూసి ఓర్చుకోలేక మెడలో టేపు తీశాడు. ప్యాంటు మాట ఇద్దరూ మరిచిపోయారు.

రాక్షసులు సారువి, మరుగుజ్జులు ఉప్పలయ్యవి. వాటి జెండాలు సారు భార్య సత్యవేణి గారి జాకెట్టు గుడ్డవి. ఆవిడ ఆ టేబుల్ మీద హాయిగా భోంచేసి పన్నెండేళ్లయింది. కంచం ఒళ్లో పెట్టుకునే తింటుంది.

ఈ ఏడాది తేజేష్ అదే ఆటను కంప్యూటర్‌లో పెట్టిచ్చాడు. ఇందులో వంతులు లేవు, రెండు సైన్యాలూ ఒకేసారి కదులుతాయి. సారుకు తెగ నచ్చేసింది. యుద్ధం కంప్యూటర్‌లోకి పోయింది కనుక టేబుల్ తనదేనని సత్యవేణి గారు ప్రకటించింది.

మొదటి ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను, ప్యాంటు వెతుక్కుంటూ. ఉప్పలయ్య రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని మర్యాదగా కూర్చున్నాడు. రాక్షసులు వచ్చారు, నరికారు, నాలుగు నిమిషాల్లో అయిపోయింది. అప్పుడాయన సారు వైపు తిరిగి, "ఇగ నా వంతేనా?" అని అడిగాడు.

నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. భార్య పోయాక ఆయన పిలవకుండా వెళ్లి కూర్చోగలిగే ఇల్లు అదొక్కటే. ఆ బల్ల లేకపోతే ఆదివారం తనకు అక్కడేం పనని బెంగపడ్డాడు. ఇంకొక్క ఆట అడిగాడు. తాను గెలిస్తే బల్ల మీద ఆట ఎప్పటిలాగే సాగాలి, ఓడితే పెట్టె అటక మీదికి. ఉప్పలయ్య ఓడిపోవడం ఖాయమన్న నమ్మకంతో సత్యవేణి గారు సరేనంది.

ఆ వారమంతా ఎత్తులు ఆలోచిస్తూ కూర్చున్నాడో ఏమో, షాపులో మిషను చప్పుడే లేదు. రెండో ఆదివారం ఆట మొదలవగానే ఏదో మీట నొక్కి, మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మళ్లీ వంతు కోసం చూస్తున్నాడనుకుని, సారు ముసిముసిగా నవ్వుతూ రాక్షసులందరినీ పరుగెత్తించాడు. తీరా కొండ ఎక్కితే అక్కడ ఎవరూ లేరు. ఉప్పలయ్య ఆ ఒక్క నొక్కుతోనే మరుగుజ్జుల్ని అడవి వెనక్కి పంపేశాడు. రాక్షసులు అడవికి పరుగెత్తేసరికి ఇంకో నొక్కుతో మరుగుజ్జులు వాగు దాటారు. వాగుకు వెళితే మళ్లీ కొండ మీద ఉన్నారు. ఎదురుపడరు, కాదనరు, ఇదిగో అంటారు. నాకు ఒళ్లు మండిపోయింది. అచ్చం నా ప్యాంటు కోసం నన్ను తిప్పినట్టే తిప్పుతున్నాడు.

ఆ ఆటలో సైన్యం పరుగెత్తితే అలిసిపోతుంది, అలిసిన సైన్యం ఒక్క దెబ్బకే పారిపోతుంది. రాక్షసులు కాళ్లీడ్చుకుంటూ రెండోసారి కొండ ఎక్కుతుండగా ఫిరంగులు పేలాయి. అంతే, ఒక్కడూ నిలబడలేదు.

"ఇదేం యుద్ధమయ్యా, నువ్వసలు రాలేదుగా!" అన్నాడు సారు.

"ముప్పై ఏండ్ల సంది నేను జేసేదే గిది సారు," అన్నాడు ఉప్పలయ్య. కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

సత్యవేణి గారు మాట తప్పలేదు. బల్ల మీద కొండలు తనే సర్దింది. ఆ తర్వాత మెల్లగా, "అన్నయ్యా, ఉగాదికిచ్చిన నా జాకెట్లేమయ్యాయి?" అంది.

"హుక్కులొక్కటే ఉన్నయ్ చెల్లె, రేపు..."

ఆవిడ ఆయన మెడలోంచి టేపు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "జాకెట్లు వచ్చాక యుద్ధం. కొత్త టేపు కొన్నారో, ఈ ఇంట్లోకి రానివ్వను."

ఉప్పలయ్య సారు వైపు చూశాడు. సారు కిటికీ వైపు చూశాడు.

మంగళవారం పొద్దున్నే హుక్కులతో సహా జాకెట్లు వచ్చాయి. ఆ సంగతి కాలనీ అంతా పాకింది. ఇప్పుడు బట్టల కోసం ఎవరూ షాపుకు వెళ్లడం లేదు, నేరుగా సత్యవేణి గారికే చెబుతున్నారు. ఆవిడ పేర్లు రాసుకుని, ఆదివారం బీరువాలోంచి టేపు తీసే ముందు ఒకటొకటే చదువుతుంది. నా ప్యాంటు పోయిన శనివారం వచ్చింది. నడుము దగ్గర రెండంగుళాలు బిగువు. కుట్టడానికి ఇచ్చినప్పుడు నేను ఆ కొలతకే ఉన్నానంటాడు ఉప్పలయ్య.