బావగారి బైనాక్యులర్

మొన్న మా అబ్బాయి ఆన్‌లైన్‌లో కొత్త బైనాక్యులర్ ఒకటి తెప్పించాడు. పార్సిలు విప్పగానే నా చేతులు ఊరుకోలేదు. వాడు అట్టపెట్టె మీద రాసిన గొప్పలు చదువుతూ కూర్చుంటే, నేను దాన్ని లాక్కుని వరండాలోకి పోయి, చెయ్యి చాచినంత దూరంలో ఆకాశంకేసి పట్టుకుని, కంటి దగ్గర ఆనించుకునే అద్దాల్లో వెలుగు బిళ్ళలు గుండ్రంగా ఉన్నాయా, అంచులు తెగి పలకలుగా ఉన్నాయా అని చూశాను. తరవాత చెవి దగ్గర పెట్టి ఊపాను. ఆ తరవాత వాసన చూశాను. మా కోడలు "అత్తయ్యగారూ, అది బైనాక్యులరండీ, పుచ్చకాయ కాదు" అంది. నవ్వితే నవ్వింది, పుచ్చకాయ కొనడం ఆ పిల్లకెంత వచ్చో నాకు తెలీదా? అంతలో మా అబ్బాయి బీరువా మీదున్న పాతదాన్ని చూపించి, "ఇంక ఆ డొక్కుది పారేద్దామా అమ్మా? అందులో అన్నీ రెండేసి కనబడతాయి" అన్నాడు. నేను వాడికేసి చూసిన చూపుకి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ అప్పట్నించీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకొచ్చానో మర్చిపోయి మళ్ళీ బీరువా దగ్గరికొస్తాను.

ఆ పాతది మా బావగారిది. బావగారంటే మావారి అన్నగారు. తాడేపల్లిగూడెంలో మిషన్ స్కూల్లో సైన్సు మాస్టారుగా చేసేవారు. మేము ఏలూరులో ఉండేవాళ్ళం. శనివారం సాయంత్రం పిల్లలిద్దర్నీ వెంటేసుకుని పాసెంజరెక్కి, భీమడోలు దాటుతూండగా పులిహోర పొట్లం విప్పి, చేతులు కడుక్కునేసరికి గూడెం వచ్చేసేది. ఆదివారం ఆరాధనకి వెళ్ళడం పేరు, నిజానికి బావగారు ఆ వారం ఏం విప్పి పెట్టారో చూడ్డానికి వెళ్ళేవాళ్ళం. ఆయనకి ఏ వస్తువైనా లోపలేముందో చూస్తేగాని అన్నం సయించదు. మిక్సీ, రేడియో, ఆఖరికి గుడిలో హార్మోనియం కూడా ఆయన చేతిలో పడి లేచినవే. బాగుచేశాక ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ "ఎలా ఉంది?" అని అడిగేవారు. "బాగుందండి" అనాలి. అది మా ఇంటి మర్యాద. హార్మోనియం బాగయ్యాక అందులో ఒక మెట్టు ఉబ్బసం ఉన్నవాళ్ళలా ఈల వేసేది. పాస్టరుగారు ఆ ఈలతోనే ఏళ్ళ తరబడి కీర్తనలు పాడించారు గాని, ఒక్కనాడూ బాగాలేదనలేదు.

ఈ బైనాక్యులర్ని ఏలూరు ఎగ్జిబిషన్లో చైనా సామాన్ల కొట్టులో కొన్నారు. నేనూ పక్కనే ఉన్నాను. ముందు అద్దాలు దానిమ్మ గింజల్లా ఎర్రగా మెరుస్తుంటే నాకు ఎంతో ముచ్చటేసింది. ఆయన పెదవి విరిచారు. "ఈ ఎర్ర పూత చూసి మోసపోకమ్మా, అద్దంలో పస లేనప్పుడే పైన ఇంత సోకు" అన్నారు. అయినా చుక్కలు చూడ్డానికి అంతకన్నా మంచిది కొనే స్థోమత మాస్టారికెక్కడిది? పోనీ దీన్నే దారిలో పెడదాం అనుకున్నారు. అప్పట్లో కొల్లేటి వైపు చేపల చెరువుల వాళ్ళు చేపలెత్తుకుపోయే గూడబాతుల్ని కనిపెట్టుకుని ఉండడానికి ఇలాంటివే కొనుక్కునేవారు. నాలుగు వానలు తిరిగేసరికి అద్దాలకి లోపల బూజు పట్టేది, తిప్పే చక్రం బిగుసుకుపోయేది, అప్పుడు బావగారి దగ్గరికి తెచ్చేవారు. ఆయన చెవి దగ్గర ఊపి, వదులైన ముక్క గలగలమంటోందా అని వినేవారు. వాసన చూసి, జిగురు పచ్చిదా పాతదా చెప్పేవారు. చందమామ అంచుకి ఊదారంగు గీత ఎంత వెడల్పుందో చూసి సరుకు జాతకం తేల్చేసేవారు. ఆఖరి పరీక్ష అన్నిటికన్నా పెద్దది. దూరాన ఏ నీళ్ళ టాంకునో చూస్తూ బైనాక్యులర్ని మెల్లగా కళ్ళకి ఎడం జరపాలి. టాంకు రెండుగా విడిపోతే లోపలి గాజు దిమ్మలు పక్కకి జరిగాయన్నమాట.

ఒక ఏడు నవంబరులో బావగారు మేము రాగానే బైనాక్యులర్ నా చేతికిచ్చి, "చూడమ్మా, నాసిరకం బుద్ధి చూపించింది, రెండేసి వచ్చేస్తున్నాయి" అన్నారు. నేను నీళ్ళ టాంకుని చూశాను. ఒకటే ఉంది. కళ్ళకి ఎడం జరిపినా ఒకటే. ఆ మాటే చెప్పాను. "నీది చిన్న వయసమ్మా. నీ కళ్ళు ఆ రెండింటినీ లాగి కలిపేసుకుంటాయి. కాసేపటికి తలనొప్పి వస్తుంది చూడు" అన్నారు. అందులో నిజం లేకపోలేదు, కొంచెం తేడా ఉంటే కళ్ళు అలాగే సర్దుకుంటాయట. నాకు తలనొప్పి మాత్రం రాలేదు. ఆయన అప్పుడే రబ్బరు తొడుగు గోటితో లేపి, కింద దాగున్న బుల్లి మరలు గడియారాల స్క్రూడ్రైవరుతో తిప్పడం మొదలుపెట్టారు. తిప్పడం, మేడ మీదకి వెళ్ళి చూడ్డం, దిగొచ్చి మళ్ళీ తిప్పడం. భోజనానికి పిలిస్తే సగం తిని లేచిపోయారు. అంత నిలకడలేని మనిషిని నేనెప్పుడూ చూడలేదు. చీకటి పడే వేళకి "కుదిరింది, ఒకటయింది" అని దిగి వచ్చి, మరలు కదలకుండా పైన చుక్క వెయ్యడానికి నా గోళ్ళరంగు అడిగారు. అక్కయ్య, అంటే మా తోటికోడలు, గాజులు తప్ప సింగారం ఎరగని మనిషి. నా ఎర్ర గోళ్ళరంగు సీసా చూసినప్పుడల్లా ముక్కు చిట్లించేది. ఆ రోజు ఆవిడే స్వయంగా తెచ్చి ఇచ్చింది. నన్ను చూడమంటే చూశాను. నీళ్ళ టాంకులు రెండున్నాయి. ఆయన "ఎలా ఉంది?" అన్నారు. ఆ ఇంట్లో ఆ ప్రశ్నకి ఒకటే జవాబు కాబట్టి నోటికి అదే వచ్చింది. లోపల మాత్రం అనుమానం మొదలైంది.

మర్నాడు వాన్‌లో ఆ అనుమానం ఇంకా ఎక్కువైంది. గుడికి ఒక వాన్ ఉండేది. ఆదివారం పొద్దున్నే బావగారే దాన్ని తోలుకుంటూ కొల్లేటి లంకల దాకా వెళ్ళి, ముసలివాళ్ళనీ పిల్లలనీ ఎక్కించుకుని వచ్చేవారు. మా పిల్లలిద్దరూ సరదాకి అందులో వెళ్ళేవారు, ఆ వారం నేనూ వెళ్ళాను. అటూ ఇటూ చేపల చెరువులు, నడుమ వాన్ పట్టేంత గట్టు రోడ్డు. ఎదురుగా మోటారు సైకిలొస్తే చాలు, ఎవరో ఒకరు ఆగాలి. ఎప్పుడూ వెనక ఆడవాళ్ళ మధ్య కూర్చునే అక్కయ్య ఆ రోజు ముందు సీట్లో కూర్చుంది. బావగారు తల ఒక పక్కకి వాల్చి తోలుతున్నారు. "కొంచెం ఎడమకండీ," అనేది ఆవిడ, కూరలో ఉప్పు అడిగినంత మామూలుగా. కాసేపాగి "సైకిలొస్తోందండీ, ఒకటే." ఆ "ఒకటే" ఎందుకంటోందో నాకు అర్థమైపోయింది. వెనక పిల్లలు పాటలు పాడుతున్నారు.

ఇంటికొచ్చాక వంటింట్లో ఆవిడని పట్టుకున్నాను. "అక్కయ్యా, లోపం బైనాక్యులర్‌లో లేదు" అన్నాను. ఆవిడ వంకాయలు తరగడం ఆపలేదు. "తెలుసు. కాఫీ గ్లాసు పక్కన పెడుతున్నారు. కొక్కేనికి చొక్కా తగిలించడానికి రెండు సార్లు తడుముకుంటున్నారు. అడిగితే అలసటంటారు" అంది. "డిసెంబరు రెండో వారం నుంచి క్రిస్మస్ కేరల్స్ మొదలు. లంకలన్నీ తిరగాలి, వాన్ నిండా పిల్లలే" అన్నాను. నా గొంతు లేచింది. అప్పుడు కత్తిపీట వాల్చి నాకేసి చూసింది. "నువ్వు మరదలివి. నువ్వంటే ఆయన ఇంక తలెత్తుకోలేరు. నేను చెప్తాను, నువ్వూరుకో" అంది. పెళ్ళయ్యాక ఆయన మాటకి ఎదురు చెప్పి ఎరగని మనిషి. ఈవిడేం చెబుతుంది నా మొహం అనుకున్నాను. మావారితో పిల్లల్ని కేరల్స్‌కి పంపనని చెప్పేశాను. మా పిల్లల సంగతి సరే, మిగతా పిల్లల తల్లులకి ఎవరు చెప్తారు? ఆ వారం ఏలూరులో నాకు నిద్ర లేదు, మావారికి నా వల్ల లేదు.

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం పొద్దు వాలగానే పడమటి వైపు సన్నటి నెలవంక, దాని మీద రెండు పెద్ద చుక్కలు పక్కపక్కనే నిలబడ్డాయి. ఆకాశం మనల్ని చూసి నవ్వుతున్నట్టే ఉంది. ఆ ఒక్క సాయంత్రమే అలా కనబడుతుందని బావగారు ముందే చెప్పి, గుడి ఆవరణలో అందర్నీ పోగేశారు. మేమూ రైలెక్కి వెళ్ళాం. ఆయన బైనాక్యులర్ పట్టుకుని స్టూలు పక్కన నిలబడ్డారు. వరసలో ముందు పాస్టరుగారు. ఒక కన్ను మెల్లగా మూసుకుని, "ఎంత మహిమండీ మాస్టారూ" అన్నారు. తరవాత సంఘ పెద్దలు. వాళ్ళూ ఒక్కొక్కరే ఒక కన్ను మూసుకుని "బాగుందండి" అన్నారు. మావారు "బాగుందన్నయ్యా" అన్నారు. నా వంతు వచ్చింది. చందమామలు రెండు, చుక్కలు నాలుగు. "ఎలా ఉందమ్మా?" అన్నారు. "కనబడుతోందండీ" అన్నాను. అబద్ధం కాదు, కావలసిన దానికన్నా ఎక్కువే కనబడుతోంది.

అందరికన్నా ఆఖర్న అక్కయ్య. చాలాసేపు చూసింది. రెండు కళ్ళూ తెరిచే చూసింది. "ఎలా ఉంది?" అన్నారాయన.

"రెండున్నాయండీ."

"సరిగ్గా పట్టుకో."

"సరిగ్గానే పట్టుకున్నానండీ. చందమామలు రెండు, చుక్కలు నాలుగు."

పాస్టరుగారు తన చెప్పులకేసి చూసుకున్నారు. బావగారు బైనాక్యులర్ తీసుకుని చూసి, "ఒకటే కదా ఉంది" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. "మీకు ఒకటే. మాకందరికీ రెండు" అంది అక్కయ్య. ఆయన మా మొహాలకేసి చూశారు. మావారు నేల చూస్తూ "అవునన్నయ్యా" అన్నారు. "పోనీ అది దించేసి ఉత్తి కళ్ళతో చూడండి" అందావిడ. ఆయన తలెత్తి చూశారు, అలవాటుగా తల ఒక పక్కకి వాలింది. అక్కయ్య ఆ నలుగురిలో, పాస్టరుగారి ఎదుట, చెయ్యి చాచి ఆయన గడ్డం పట్టుకుని తల నిటారుగా నిలబెట్టింది. "ఇప్పుడు చెప్పండి. ఎన్ని?"

"రెండు" అన్నారాయన. "ఇలా అయి నెల దాటింది" అన్నారు. చేతిలో బైనాక్యులర్‌కేసి చూసి, "ఇందులోంచి చూస్తే ఒక్కటయింది. దీన్ని బాగుచేశాననుకున్నాను" అన్నారు. ఆ మనిషిని చూసి నాకు ఏడుపొచ్చింది. ఆయన జేబులోంచి వాన్ తాళం తీసి అక్కయ్య చేతిలో పెట్టారు. ఆవిడ కొంగున ముడేసుకుంది.

ఏలూరులో డాక్టరుగారు చూసి షుగరు బాగా ఉందనీ, దానివల్ల ఒక కంటిని తిప్పే నరం దెబ్బతిందనీ, కొన్ని నెలల్లో దానంతటదే తేరుకోవచ్చనీ చెప్పారు. ఆ ఏడు కేరల్స్‌కి వాన్ మావారు తోలారు, పిల్లలు మా వాళ్ళతో సహా అందరూ వెళ్ళారు. మావారి పిరికి తోలుడికి గట్టు మీద సైకిళ్ళు కూడా దాటుకుని పోయేవట. పక్క సీట్లో బావగారు కంటికి గుడ్డ కట్టుకుని కూర్చుని, బ్రేకు లేని చోట కాలితో బ్రేకు తొక్కుతూనే ఉన్నారట. మామిడికాయలు వచ్చే రోజుల్లో ఒక సాయంత్రం ఫోను చేశారు. "అమ్మా, మేడ మీద ఉన్నాను. బైనాక్యులర్‌లో రెండు చందమామలు కనబడుతున్నాయి" అన్నారు. ఆయన కళ్ళు దారిలోకొచ్చాయి, ఆ కళ్ళకి కుదిర్చిన బైనాక్యులర్ ఇప్పుడాయనకి కుదరలేదు. మళ్ళీ సరిచెయ్యరా అని అడిగాను. "చెయ్యను. ఇప్పుడే దీనితో పనుంది" అన్నారు. ఆ తరవాత వాన్ తాళం తీసుకునే ముందు ప్రతిసారీ మేడెక్కి నీళ్ళ టాంకుని అందులోంచి చూసేవారు. రెండుంటే తన కళ్ళు సరిగ్గా ఉన్నట్టు, అప్పుడే వాన్ తీసేవారు. ఇంకో మార్పు కూడా వచ్చింది. "ఎలా ఉంది?" అని అడిగి, జవాబు వినడానికి నిజంగా ఆగేవారు. పాస్టరుగారు ధైర్యం చేసి హార్మోనియం ఈల సంగతి చెప్పారు.

బావగారు పోయాక అక్కయ్య దాన్ని చెమ్మ చేరకుండా వేయించిన బియ్యం పోసిన డబ్బాలో పెట్టి నాకిచ్చింది. "నీ గోళ్ళరంగుందిగా, నువ్వే ఉంచుకో" అంది. ఆ ఎర్ర చుక్కలు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. నిన్న సాయంత్రం కొత్తదాన్ని వాళ్ళకొదిలేసి, నేను దీన్ని పట్టుకుని మేడెక్కాను. ఈమధ్య నాకూ షుగరుంది. రెండు చందమామలు కనబడ్డాయి, హమ్మయ్య అనుకున్నాను. ఏదో ఒక సాయంత్రం ఇందులో నాకు ఒక్కటే కనబడుతుంది, ఆ రోజు బావగారు చూసిన చందమామనే నేనూ చూస్తాను. అందాకా ఇది నాకు రెండేసి చూపిస్తూనే ఉంటుంది.