ఊరంతా చెప్పిన సాక్ష్యం

ఎండాకాలంలో మా ఊరి నీళ్ళ మోటారు కాలిపోయింది. చుట్టూ రొయ్యల గుంటలు తవ్వాక మా బావుల్లో నీళ్ళు ఉప్పెక్కాయి, ఆ ఒక్క బోరే మాకు దిక్కు. నేను అప్పుడే కొత్తగా సర్పంచినయ్యాను. అంతకుముందు చేపలమ్మేదాన్ని. నోరు పెద్దదని గెలిపించారే తప్ప తెలివి చూసి కాదని మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తాడు.

ఆ సాయంత్రం పంచాయతీ కార్యదర్శి ఇంటిపన్ను వసూలు చేసుకుని ఆఫీసుకొచ్చింది. అల్లూరు వైపు రైతుల ఇంటి పిల్ల, నన్ను అక్కా అని పిలిచేది. మర్నాటి నుంచి బ్యాంకుకు సెలవులు. ఆ పన్ను డబ్బుతో మోటారు కొనేద్దామన్నాను. వసూలైన డబ్బు ముందు మొత్తంగా ట్రెజరీకి కట్టాలని, మంజూరైన తర్వాతే ఖర్చు పెట్టాలని, అది చట్టమని ఆమె నసిగింది. నాకు ఒళ్ళు మండింది. బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి ఉంటే చట్టమేమిటి?

మా చేపల వేట ఊళ్ళలో ఊరి డబ్బుకు ఒక పద్ధతుంది. అందరి ముందూ దుప్పటి పరిచి పోస్తారు, అందరి ముందే తీసి ఖర్చు పెడతారు. అందరూ చూశాక ఇక లెక్క అడిగేవాడుండడు. ఆ రోజూ ఆ పిల్లను ఒప్పించి అలాగే చేశాం. పెద్దలు సూళ్లూరుపేట వెళ్ళి మోటారు తెచ్చారు. కొళాయిలో నీళ్ళు పడగానే ఆ పిల్ల కూడా నవ్వింది.

తర్వాత కొన్నాళ్ళకు ఆడిట్ జరిగింది. కార్యదర్శి పన్ను డబ్బు తినేసిందని, విచారణ పెట్టారని మండలమంతా పాకింది. మా ఊళ్ళో ఎవరి మీదైనా నింద పడితే ఊరంతా వెళ్ళి పక్కన నిలబడుతుంది. అందరూ ఒకే మాట చెప్పాక ఆ నింద నిలవదు. అందుకే విచారణ రోజున వేట మానుకుని, టెంపోలు మాట్లాడుకుని మండల ఆఫీసుకు పోయాం.

విచారణాధికారి నెమ్మదైన మనిషి, మమ్మల్ని లోపలికి రానిచ్చాడు. మూలన కుర్చీలో ఉన్న ఆ పిల్ల నన్ను చూసి వద్దన్నట్టు తల ఊపింది. మొహమాటం కాబోలనుకున్నాను.

"ఆ బిడ్డ పైసా ముట్టలేదు సార్. ఆ సాయంత్రమే మా అందరి ముందర డబ్బు తీసిచ్చింది, మేము మోటారు కొన్నాము. ఊరంతా చూసినాము" అన్నాను.

పెద్దలు కూడా ఒక్కొక్కరే అదే చెప్పారు. గుమస్తా రాసుకున్నాడు. మావాళ్ళు సంతకాలు పెట్టారు, సంతకం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు. గెలిచామన్న సంతోషంతో నేను కుర్చీలో వెనక్కి వాలాను.

అధికారి ఆ సంతకాల కాగితాలు తన ముందుకు లాక్కున్నాడు.

"డబ్బు ఆలస్యంగా కట్టిందనే ఇంతవరకు కాగితాల్లో ఉండేదమ్మా. తన బంగారు గొలుసు కుదువ పెట్టి మొత్తం కట్టేసింది. సెలవులొచ్చినాయి కదా, హెచ్చరించి వదిలేద్దామనుకున్నా. ట్రెజరీకి చేరకముందే ఖర్చు పెట్టిందని ఇప్పుడు మీరంతా సంతకాలు పెట్టినారు. చట్టం ప్రకారం అది డబ్బు కాజేసినట్టే. ఇంక నేనేం చేసేది?"

గొలుసు సంగతి నాకు తెలియనే తెలియదు. కొనమన్నది నేను, నా పేరు రాసుకోండి అని అరిచాను. పన్ను రసీదుల మీద సంతకం ఆమెదన్నాడు. మీరు నిజంగానే కొన్నారు, రేపు ఇంకొకడు కొనకుండానే కొన్నానంటే ఎట్లా తెలుస్తుంది, అందుకే ముందు కట్టమన్నారని ఓపిగ్గా చెప్పాడు. మోటారు తిరుగుతోంది, నీళ్ళొస్తున్నాయి, ఒక్క రూపాయి ఎక్కడికీ పోలేదు, అయినా దొంగతనమేనా? ఇప్పటికీ నా బుర్రకెక్కదు.

ఆమెను సస్పెండ్ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. మా ఊళ్ళో అద్దె గది ఖాళీ చేసి బస్సు కోసం నిలబడ్డ ఆ పిల్ల దగ్గరికి పరుగెత్తాను. గొలుసు మేము విడిపిస్తామన్నాను. పై ఆఫీసులో ఇంకో విచారణ ఉందట, ఎంత దూరమైనా ఊరంతా వచ్చి నిలబడతామన్నాను.

ఆమె నా చేతులు పట్టుకుంది.

"రావద్దక్కా. మీరెవరూ రావద్దు."