శోభారాణి మేడం నాలుగో నియమం

మా జూనియర్ కాలేజీ పేరు ఎందుకు లెండి. ములకలపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట ఉంటుంది. నేను అక్కడ తెలుగు చెబుతాను. తెలుగు ఎవరు చెప్పినా పిల్లలు పాసవుతారన్న నమ్మకంతో ప్రభుత్వం నన్ను పోషిస్తోంది. పిల్లలను ఏడిపించేది ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు చెప్పే శోభారాణి మేడం గురించే ఇది. అయిదేళ్ళుగా రాయాలనుకుంటూ వాయిదా వేశాను.

ఆమెది కొత్తగూడెం. తండ్రి మంగయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ రోజు హాజరును మస్టర్ అంటారు. ముప్పయ్యేళ్ళలో తండ్రికి ఒక్క మస్టర్ కూడా పోలేదని మేడం నాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటుంది. "ఒళ్ళు కాలిపోతున్నా గోలీ మింగి డ్యూటీకి దిగేటోడు సార్ మా బాపు. జ్వరమని ఒక్కనాడు ఇంట్ల పండలే" అనేది. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషికి సాకులంటే మంట.

ప్రతి జూన్‌లో మొదటి రోజే ఫస్టియర్ పిల్లలందరికీ ఒక కాగితం ఇచ్చేది. పైన 'విద్యార్థుల బాధ్యతలు' అని ఉండేది. కింద ఏడు నియమాలు. గంట కొట్టాక వస్తే బయటే నిలబడాలి. ఇంకొకరి నోట్సు చూసి ఎక్కించకూడదు. తప్పయినా సరే క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలి. నాలుగోది, కాలేజీకి రాకపోతే లీవ్ లెటర్ తేవాలి. అది సొంత మాటల్లో, అసలు కారణంతో ఉండాలి. అన్నిటికీ కింద తల్లిదండ్రుల సంతకమో వేలిముద్రో పడాలి.

"మేడం, బొగ్గుబాయిల సుత ఇన్ని రూల్స్ ఉండయి గదా" అని నేను వెక్కిరించేవాణ్ణి.

"అందుకే అప్పుడప్పుడు పైకప్పు కూలుతది సార్" అనేది వెంటనే. ఆమెతో మాటల్లో గెలవడం నా వల్ల కాలేదు.

చిక్కంతా ఆ నాలుగో నియమంతోనే. మా వైపు పిల్లలకు వచ్చిన లీవ్ లెటర్ ఒక్కటే. బడిలో బట్టీ పట్టించిన జ్వరం లెటర్. అక్క పెళ్ళయినా జ్వరమే, బస్సు రాకపోయినా జ్వరమే. ఊళ్ళో భూమి పండుగ జరిగి కదలడానికి వీల్లేకపోయినా, నాట్లకు పోయినా, ఇప్పపువ్వు ఏరడానికి పోయినా అదే జ్వరం. కాలేజీకి రాకపోవడానికి వాళ్ళకు వంద కారణాలు ఉండేవి. ఇంగ్లీషులో మాత్రం ఒక్కటే ఉండేది.

అయిదేళ్ళ కిందటి ఆగస్టులో వారం పాటు ముసురు పట్టింది. ఊళ్ళన్నీ నాట్లలో ఉన్నాయి. క్లాసులో సగం మంది లేరు. శుక్రవారం తిరిగివచ్చిన పిల్లలు మేడం చేతిలో పద్నాలుగు లెటర్లు పెట్టారు. పద్నాలుగూ ఒకటే. కామా కూడా తేడా లేదు. మేడం ఆ కట్టను తెచ్చి స్టాఫ్ రూంలో నా బల్ల మీద పడేసింది.

"చూడున్రి సార్. పద్నాలుగు జ్వరాలు! నేను క్లాస్ చెప్పాల్నా, దవాఖానా తెరవాల్నా?"

నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి.

ఆ ఊపులోనే ఆమె క్లాసుకు పోయి పద్నాలుగు మందినీ నిలబెట్టింది. స్టాఫ్ రూంకూ ఆ క్లాసుకూ మధ్య ఉన్నది రేకు తడక. ప్రతి మాటా నాకు వినబడుతుంది. ఎవరి లెటర్లు వాళ్ళకు తిరిగి ఇచ్చేస్తోంది. అంతలో మూడో బెంచీ నుంచి ఒక సన్నటి గొంతు వచ్చింది.

"మేడం, నాకు నిజంగనే..."

"అందరికీ నిజంగనే. ఇంటికి పోయి నీ మాటలల్ల రాస్క రా. అది లేంది క్లాస్‌ల అడుగు పెట్టకు."

ఆ గొంతు భవానిది. పగిడయ్య, ఎర్రమ్మల పెద్ద కూతురు. ఆరు కిలోమీటర్ల అవతల, వాగు దాటాక వాళ్ళ కోయగూడెం. మిగతా పదమూడు మంది మహానుభావులు వరండాలో కూర్చొని, ఒకడు రాసింది అందరూ ఎక్కించుకొని, మధ్యాహ్నానికి క్లాసులో ఉన్నారు. నియమాన్ని అక్షరాలా నమ్మి ఇంటికి పోయింది ఆ పిల్ల ఒక్కతే. గేటు పట్టుకొని కాసేపు నిలబడటం కిటికీలోంచి చూశాను. అలిగిందనుకున్నాను.

ఆదివారం వాగు పొంగి ఉంది. పిల్లను మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొని వాగు దాటారు. రోడ్డు ఎక్కేలోపే ప్రాణం పోయింది. మలేరియా తలకెక్కిందని తర్వాత ఎవరో అన్నారు. మాకు మంగళవారం తెలిసింది. మేడం అప్పుడు హాజరు తీసుకుంటోంది. భవాని పేరు పిలిచింది. పిల్లలెవరూ పలకలేదు. ఆమె ఇంకోసారి పిలిచింది. అప్పుడు చెప్పారు.

నెల తిరగకుండా పగిడయ్య స్టాఫ్ రూం గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతపెట్టిన కాగితం.

"బిడ్డ వస్తువులన్నీ బిడ్డతోనే పెట్టినం మేడం. మా తీరు గట్లనే. ఇది దానిది కాదు, మీ పేరు మీద రాసింది. మీకు ఇయ్యమన్నది. ఏం రాసిందో జర చదివి చెప్పున్రి."

మేడం కాగితం విప్పింది. నేను పక్కనే ఉన్నాను, వంగి చూశాను. వంకర అక్షరాలు. ఇంగ్లీషులో రాసిన ఆ మాటలను తెలుగులో చెబుతాను: 'మేడం గారికి. నేను అబద్ధం రాయలేదు. నాకు జ్వరం నిజం. మీరు ఒక్కసారి నన్ను ముట్టుకొని చూస్తే తెలిసేది. వాగు దాటేటప్పుడు కళ్ళు తిరిగాయి. సోమవారం వస్తాను. ఇవి నా సొంత మాటలు. తప్పులుంటే దిద్దండి.'

మేడం చదివి చెప్పింది. జ్వరం నిజమన్న మాట తర్వాత ఆగి, ఒక వాక్యం దాటేసి, వాగు దగ్గర మళ్ళీ అందుకుంది.

పగిడయ్య తల ఊపాడు. "సెలవిచ్చి ఇంటికి పంపిన్రు. మీ దయ. ఆఖరికి రెండు దినాలు మా కళ్ళ ముందట ఉన్నది" అన్నాడు.

మేడం నిజం చెప్పలేదు. నేనూ నోరు మూసుకున్నాను. కాగితం ఉంచుకోమని ఆయన అంటే, "మీ దగ్గరనే ఉండనియ్యి అన్నా" అని తిరిగి ఇచ్చేసింది. ఆ కాగితాన్ని దగ్గర ఉంచుకునే ధైర్యం ఆమెకు లేదు.

అప్పటి నుంచి ప్రతి జూన్‌లో కాలేజీ తెరవగానే పగిడయ్య అదే కవరుతో వచ్చేవాడు. "మీ పేరు మీద ఉన్నది మా ఇంట్ల ఎట్ల ఉంటది మేడం? మీరు తీసుకుంటెనే బిడ్డ పని తీరుతది" అనేవాడు. ఆమె చదివేది, ఆ ఒక్క వాక్యం దాటేసేది, తిరిగి ఇచ్చేసేది. మే నెలలోనే ఆమెకు భయం మొదలయ్యేది. నియమాల కాగితంలోంచి నాలుగోది తీసేసింది. అంకెలు మాత్రం మార్చలేదు. ఒకటి, రెండు, మూడు, తర్వాత అయిదు. ఎవరు లీవ్ లెటర్ ఇచ్చినా ముందు వాళ్ళ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. పిల్లలు థర్మామీటర్ మేడం అని పేరు పెట్టారు. ఒకటి రెండుసార్లు, ఖాళీగా ఉన్న మూడో బెంచీ మూల దగ్గర నిలబడి గాలిలో చెయ్యి చాపడం చూశాను.

"ఆయన మొఖం చూసి ఆ ముక్క చదవాలె సార్" అంది ఒకనాడు. "చదవకుంటే నాకు నిద్ర లేదు. చదివితే ఆయనకు నిద్ర ఉండది."

"మానిన పుండును రేపకున్రి మేడం" అని సలహా ఇచ్చాను. సలహా ఇవ్వడానికి నాదేం పోయింది.

ఈ జూన్‌లో పగిడయ్య ఒక్కడే రాలేదు. చిన్నకూతురు హేమలతను ఫస్టియర్‌లో చేర్పించడానికి తెచ్చాడు. అదే పొడుగు, అవే కళ్ళు. మేడం కుర్చీలోంచి లేచి మళ్ళీ కూలబడింది. ఆయన కవరు బల్ల మీద పెట్టాడు.

"చదవున్రి మేడం."

ఆమె చదివింది. జ్వరం మాట తర్వాత ఆగింది. దాటేసి వాగు దగ్గరకు పోయింది. హేమలత తల వంచుకొని కాళ్ళ వైపు చూస్తోంది.

"నడుమ ఇంకో ముక్క ఉన్నది మేడం" అన్నాడు పగిడయ్య.

మేడం కాగితం మీది నుంచి తల ఎత్తింది.

"చిన్నది తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడే చదివి చెప్పింది. కొట్లాటకు రాలే మేడం. కొట్లాటకైతే ఆనాడే వచ్చేటోణ్ణి. మీ నోటితోని వినాలని వస్తున్న. నిరుడు సుత చదువుతరేమో అనుకున్న."

శోభారాణి మేడం లేచి నిలబడింది. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకొని, క్లాసులో పాఠం చదివినట్టే గట్టిగా మొదటి నుంచి చదివింది. 'మీరు ఒక్కసారి నన్ను ముట్టుకొని చూస్తే తెలిసేది.' అక్కడ ఆగింది. నీళ్ళు తాగి, మళ్ళీ అదే వాక్యం చదివి, చివరిదాకా వెళ్ళింది.

"నేను ముట్టుకోలేదన్నా. సెలవు ఇయ్యలే. క్లాస్‌లకెల్లి ఎల్లగొట్టిన" అంది ఏడుస్తూ.

"అవ్ మేడం" అన్నాడు పగిడయ్య.

అంతే అన్నాడు. ఫరవాలేదని అనలేదు. తిట్టనూ లేదు. మేడం ఆ కాగితాన్ని మడిచి తన హాజరు పట్టీలో పెట్టుకుంది. ఈసారి తిరిగి ఇవ్వలేదు. ఆయన ఖాళీ కవరు జేబులో పెట్టుకొని, హేమలతకు ఇచ్చిన నియమాల కాగితం కింద వేలిముద్ర వేశాడు. ఆ పిల్ల కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివి తల ఎత్తింది.

"మేడం, నాలుగోది లేదు."

"నాలుగోది మీది కాదు బిడ్డా. అది నాది" అంది మేడం. ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

పగిడయ్య పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగాడు. "ఇగ నేను రాను సార్. చిన్నదాన్ని జర చూస్కోన్రి. మీరు మంచోళ్ళు" అన్నాడు.

నేను సరేనని తల ఊపాను. ఆ పద్నాలుగు లెటర్లు నా బల్ల మీద పడ్డప్పుడు నేను నవ్విన సంగతి ఏ కాగితంలోనూ లేదు. అది ఆయనకు ఎవరూ చదివి చెప్పలేదు.