చూపు మిగిలిన చోటికి తెచ్చిన లైను

2022లో నేను రాజమహేంద్రవరంలో మా ఇంటి ముందుగదిలోనే కూర్చుని పనిచేసేదాన్ని. వెబ్‌సైట్లలో జనం కళ్లకు కనిపించే భాగాన్ని కట్టడం నా వృత్తి. ఆ వేసవిలో తెలుగులో ప్రోగ్రామింగ్ నేర్పే ఒక చిన్న సంస్థ నాకో పని అప్పగించింది. పాఠం చదువుతున్న పేజీలోనే పిల్లలు కోడ్ రాసి చూసుకోవడానికి ఒక టెక్స్ట్ ఎడిటర్ కావాలన్నారు.

అలాంటి ఎడిటర్లు తయారుగానే దొరుకుతాయి. కానీ అవి బరువు. బరువంటే పేజీతో పాటు ఫోన్‌లోకి దిగాల్సిన సరుకన్నమాట. ఆ పాఠాలు చదివేవాళ్లలో చాలామందివి పాత ఫోన్లు. గోదావరి మధ్యనున్న లంక ఊళ్లలో పెరటి గుమ్మం దగ్గర ఉన్న సిగ్నల్ వంటగదిలోకి వచ్చేసరికి ఉండదు. అందుకని తేలికైనది నేనే కట్టాలి.

దానికో కిటుకు ఉంది. బ్రౌజర్‌లో మనం టైప్ చేసే మామూలు పెట్టెను టెక్స్ట్ ఏరియా అంటాం. అందులో మాటకో రంగు వేయడం కుదరదు. కాబట్టి దానిలోని అక్షరాలను కంటికి కనపడకుండా చేసి, కింద అదే కోడ్‌ను రంగులతో ఇంకో పొరగా పరుస్తాం. చెయ్యి పైపొరలో టైప్ చేస్తుంది, కన్ను కిందిపొరను చూస్తుంది. రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. ఇలా ఆజ్ఞలకు ఒక రంగు, అంకెలకు ఒక రంగు, మనం పక్కన రాసుకునే కామెంట్లకు ఇంకో రంగు ఇవ్వడాన్నే సింటాక్స్ హైలైటింగ్ అంటారు.

మొదటి నమూనా తయారయ్యాక పాఠాలు రాసే విజయలక్ష్మి గారికి పంపించాను. ఆవిడ ఒక కాలేజీలో చాలాకాలం కంప్యూటర్ సైన్స్ చెప్పి, రిటైరయ్యే వయసు రాకముందే ఉద్యోగం మానేసి ధవళేశ్వరంలో ఉంటున్నారని విన్నాను. అంతకుమించి ఏమీ తెలియదు. మర్నాడు ఆవిడే ఫోన్ చేశారు.

“ఎడిటర్ బానే ఉందమ్మా. నా వరకు ఆ రంగులు తీసేయొచ్చేమో చూడు.”

“నచ్చలేదా మేడం? వేరేవి వేసి పంపిస్తాను.”

“నచ్చకపోవడం కాదు, నాకు తెలీడం లేదు. కుదిరితే ఒకసారి ఇంటికి రా. ఫోన్‌లో చెప్తే అర్థమయ్యేది కాదు.”

ఆ సాయంత్రమే ఆటో ఎక్కి వెళ్లాను. కాలవ గట్టు పక్క వీధిలో ఇల్లు. తలుపు తీసినావిడ నావైపు చూడకుండా నా తలపైకి చూసి నవ్వారు. వెనక ఎవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

“ఎవరూ లేరమ్మా, నిన్నే చూస్తున్నాను. కంటి వెనక తెరలో నడిమధ్యన పాడైపోయింది. నీ మొహం చూద్దామనుకుంటే సరిగ్గా మొహమే పోతుంది. కాస్త పైకి చూస్తే నువ్వు కనపడతావు, రంగులే సరిగ్గా తెలియవు,” అన్నారు.

లోపల కూర్చున్నాక, పాఠాలు ఎలా రాస్తున్నారని అడిగాను. తెరమీది మాటలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారట. వేళ్లకు కీబోర్డు అలవాటే.

“పని ఆగలేదు. కానీ కోడ్ వినడం వేరమ్మా,” అన్నారు. “కాలేజీలో పిల్లల ప్రోగ్రామ్ చేతికొస్తే చదవకముందే కాస్త దూరం పెట్టి దాని ఆకారం చూసేదాన్ని. ఎక్కడ లోపలికి వెళ్లింది, ఎక్కడ బయటికొచ్చింది. తప్పు ఏ మూలనుందో సగం అక్కడే తెలిసిపోయేది. ఇప్పుడు మాటలన్నీ వరసగా చెవిలో పడిపోతాయి. ఆకారం రాదు. దానిమీదే బెంగ నాకు.”

ఆవిడే మళ్లీ, “ఈ మిగిలిన చూపు కూడా నిలవదన్నారు డాక్టరు గారు. ఈలోగా ఇంకొంచెం చూడాలనుంది,” అన్నారు.

ప్రాజెక్టు చూసే శ్రీకాంత్ గారికి ఫోన్‌లో ఈ సంగతి చెప్పాను. ఆయన చెడ్డవారేం కాదు, ఆయన ఇబ్బంది ఆయనది. “ఆవిడొక్కరి కోసం బరువు పెంచలేమండి సునీత గారూ. పిల్లల ఫోన్లు మీకు తెలుసు కదా,” అన్నారు. బరువు పెరగనివ్వను, గడువు దాటనివ్వను అని మాటిచ్చాను. ఎలా చేస్తానో అప్పటికి నాకే తెలియదు.

రంగులు తెలియకపోతే లావు తెలుస్తుందని, ఆజ్ఞలను లావు అక్షరాల్లో వేసి తీసుకెళ్లాను. ఆవిడ నాలుగు మాటలు టైప్ చేసి ఆగిపోయారు.

“నేనిక్కడ కొడుతుంటే అక్షరం అక్కడ పడుతోందేంటమ్మా?”

లావు చేసేసరికి అక్షరాల వెడల్పు పెరిగి, కిందిపొర పైపొర నుంచి పక్కకు జారింది. దాంతో టైపింగ్ ఎక్కడుందో చూపే గీత, అంటే కర్సర్, ఒక చోట, అక్షరం ఇంకో చోట. ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాక తట్టింది: అక్షరాన్ని ముట్టుకోకూడదు, దాని వెనకా కిందా ఏదైనా చేసుకోవచ్చు. ఆజ్ఞల కింద మందమైన గీత వేశాను. కామెంట్ల వెనక బూడిదరంగు పట్టీ పరిచాను. బ్రాకెట్ల చుట్టూ గడి కట్టాను. నల్లటి తెరమీద పసుపు అక్షరాలు పెట్టాను. ఇవేవీ చోటు తినవు, కాబట్టి పొరలు కదల్లేదు.

మళ్లీ తీసుకెళితే ఈసారి ఆవిడకు కనిపించింది. కానీ కొన్ని లైన్లు చదివేసరికే అలిసిపోయి కళ్లు మూసుకున్నారు. నేను తెరను వదిలేసి ఆవిడను చూడటం మొదలుపెట్టాను. ఒక్కో లైను దిగినప్పుడల్లా, ఆ లైను కనపడాలంటే దానికి పైన ఎక్కడ చూపు నిలపాలో మళ్లీ వెతుక్కుంటున్నారు. గడ్డం ఎత్తడం, దించడం. చదవడంకన్నా ఆ వెతుకులాటే ఎక్కువైంది.

“మేడం, మీరు కళ్లు కదపకండి. కోడ్‌నే కదుపుదాం,” అన్నాను.

ల్యాప్‌టాప్ అక్కడే తెరిచి మార్చాను. కర్సర్ ఉన్న లైను ఎప్పుడూ తెరమీద ఒకే చోట ఉంటుంది. బాణం మీట నొక్కితే కోడంతా పైకి జరిగి, తరవాతి లైను ఆ చోటికొస్తుంది. ఆ చోటు ఎక్కడో ఆవిడే చెప్పారు. “ఇంకొంచెం కిందికి. ఇంకొంచెం. చాలు. పైన ఒక పెద్ద చుక్క పెట్టమ్మా, చూపు దానిమీద ఆనించుకుంటాను.”

చుక్క పెట్టాను. కాలేజీ రోజుల్లో తాను రాసిన ప్రోగ్రామ్ ఒకటి తెరిపించుకుని మీట నొక్కారు. చూపు చుక్క మీదే ఉంది. మళ్లీ నొక్కారు, మళ్లీ. ఎడమచెయ్యి పైకి లేచి, లైను లోపలికి వెళ్లినప్పుడు లోపలికి, బయటికొచ్చినప్పుడు బయటికి, గాలిలో నెమ్మదిగా కదిలింది.

“ఇదిగో, ఇక్కడ తిరిగింది,” అన్నారు తనలో తాను. తరవాత, “టీ పెడతానన్నాను కదూ... ఉండమ్మా, ఇంకాస్త చూసి లేస్తాను,” అన్నారు.

ఆ టీ మాట ఇద్దరం మరిచిపోయాం. నేను బయటికొచ్చేసరికి కాలవ మీద ఎండ పూర్తిగా వాలిపోయింది.

అదంతా కలిపినా ఎడిటర్ బరువు పెరిగింది బహుస్వల్పం. శ్రీకాంత్ గారు చూసి, కావలసినవాళ్లు ఎంచుకునేలా సెట్టింగుల్లో ఉంచేయమన్నారు. ఎండలో కూర్చుని ఫోన్ చూసే పిల్లలు కొందరు ఆ నల్లతెర, మందపు గీతలే బాగున్నాయని వాటినే వాడుకున్నారు.

మరుసటి ఏడు గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో విజయలక్ష్మి గారు ఫోన్ చేశారు. “ఇవాళ చుక్క కూడా దొరకలేదమ్మా,” అన్నారు. ఆవిడే, “చూసినంత చూశాలే,” అని మాట మార్చేశారు. ఇప్పుడు పూర్తిగా వింటూనే పాఠాలు రాస్తున్నారు.

అప్పటినుంచి కొత్తగా ఏది కట్టినా, వాడేవాళ్ల పక్కన కూర్చుని కాసేపు వాళ్లనే చూస్తాను. ఏం కావాలని అడిగితే చెప్పలేనివి, మెడ తిప్పడంలోనో, చెయ్యి ఆగడంలోనో తెలుస్తాయి. చదువుకున్న చోట ఇది ఎవరూ నేర్పలేదు. ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. అయితే ఎంత బాగా కట్టినా కొన్నిటిని నిలపలేమని కూడా అక్కడే తెలిసింది.

కొన్ని మధ్యాహ్నాలు ఆవిడే ఫోన్ చేసి, “ఇప్పుడేం రాస్తున్నావమ్మా, చదువు,” అంటారు. చదివి వినిపిస్తాను. మొన్న ప్రోగ్రామ్‌లో ఫంక్షన్ అనే ఒక భాగం చదవడం అయిపోయి రెండోది మొదలుపెట్టబోతుంటే ఆపారు.

“ఆ రెంటికీ మధ్య ఖాళీ లైను వదిలావా?”

“వదిలానండి.”

“అది చెప్పవేం మరి? చెప్పి, కాస్త ఆగి అప్పుడు చదువు.”

“ఖాళీ లైను,” అన్నాను.

ఆవిడ చెప్పినట్టే ఆగాను. కాసేపు ఇద్దరం ఆ ఖాళీ లైనులోనే ఉన్నాం.