పరదా వెనుక నుంచి చూసిన దయ్యం సినిమా

మొన్న ఆదివారం మా మనవరాలు చెవుల్లో తీగలు పెట్టుకొని ఫోనులో ఏదో దయ్యం సినిమా చూస్తుంటే, పక్కన చేరి నేనూ కాసేపు చూసిన. బొమ్మంతా ఊగుతున్నది. అడవికి పోయినవాళ్లు తమను తామే తీసుకున్న సినిమా అట, మనుషులు మాయమై కెమెరా ఒక్కటే దొరికిందట. ఇదంతా నిజమేనా అని అడిగితే, కాదు నానమ్మా, నిజమనిపించేటట్టు తీస్తరంతే అని మళ్లీ దాంట్లో మునిగిపోయింది. నాకు మాత్రం ఉప్పుగూడకు కొత్తకోడలిగా వచ్చిన రోజులు, అప్పుడు పాతబస్తీ టాకీసులో చూసిన ఒక సినిమా కళ్లముందు మెదిలినయి.

అవి డెబ్బయ్యో దశకం చివరి రోజులు. టాకీసువాళ్ల రిక్షా మైకు కట్టుకొని గల్లీ గల్లీ తిరిగేది. గుండె నిబ్బరం లేనోళ్లు రావద్దనీ, ఇది కట్టుకథ కాదనీ, తీసిన ఫోటోగ్రాఫరు పత్తా లేకుండా పోతే పాడుబడ్డ హవేలీలో రీలు డబ్బాలు మాత్రమే దొరికినయనీ చెప్పేవాళ్లు. నమ్మినమా అంటే సగం నమ్మినం, మిగతా సగం నమ్మాలని ఉండె. ఆ వయసులో మీరూ అంతే అయి ఉంటరు.

మా అత్తమ్మకు ఇవేవీ పట్టేవి కావు. నేను ఆ ఇంట్లో కాలుపెట్టడానికి కొన్నాళ్ల ముందే మా ఆడబిడ్డ కాన్పులో పోయింది. పుట్టిన పిల్ల బతికి, బహదూర్‌పురాలో తండ్రి దగ్గర పెరుగుతున్నది. కూతురు పోయిననాడు అత్తమ్మ కంటతడి పెట్టలేదట. ఆ పిల్ల వచ్చి నా బిడ్డను తీసుకపోయిందని ఒక్కసారి అన్నదట, అంతే, మనవరాలి మొహం చూడ పోలేదు. మామయ్య, మా ఆయన ఎంత చెప్పినా వినలేదు.

పక్కింటి దర్జీ భాయ్ భార్యను మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం, అత్తమ్మకు ఆమె చెల్లెలి లెక్క. ఒకనాడు మధ్యాహ్నం బురఖా వేసుకొని వచ్చి గుమ్మంలో నిలబడ్డది.

"అక్కా, ఇంట్ల కూసొని కూసొని నువ్వే దయ్యమైనవ్. చల్, అసలు దయ్యం ఎట్లుంటదో చూసొద్దాం."

ఆమె మాటకు అత్తమ్మ ఎదురు చెప్పేది కాదు. నన్నూ వెంటబెట్టుకొని మ్యాట్నీకి పోయినం.

అప్పట్లో ఆడవాళ్లు కూర్చునే జనానాకు పరదా ఉండేది, దీపాలు ఆరినంక దాన్ని పక్కకు లాగేవాళ్లు. సినిమా మొదలైంది. ఎంత తక్కువ ఖర్చుతో తీసిన్రో ఏమో, బొమ్మ మసక మసకగా ఉన్నది, మాటలు పెదవుల వెనుకబడి వస్తున్నయి. అయినా హీరో చీకటి గదిలోకి పోతుంటే ముందు వరుసలవాళ్లు "భాయ్, పీఛే దేఖ్" అని, వెనక్కి చూడమని వాన్ని హెచ్చరించిన్రు. తెల్లచీర దయ్యం రాగానే జనానాలో పిల్లలు కెవ్వుమన్నరు, నేను ఖాలా బురఖాలో తల దాచుకున్న. ఇంతలో దయ్యం చేతికి గడియారం కనబడ్డది. "బీబీ, టైమ్ క్యా హువా?" అని ఎవరో అడిగేసరికి హాలంతా ఒకటే నవ్వు, ఈలలు.

ఆ తర్వాత తెలిసింది, ఆ దయ్యం కాన్పులో పోయిన తల్లి అని. అది వచ్చి గడప అవతల నిలబడి ఉయ్యాల దిక్కు చూస్తున్నది. హీరో కట్టె ఎత్తిండు. కొట్టు, కొట్టు అని జనం లొల్లి.

అత్తమ్మ లేచి నిలబడ్డది.

"కొట్టకు బిడ్డా, దాన్ని కొట్టకు. పిల్లను చూసుకుందామని వచ్చింది. చూసుకొని పోతది."

ఆమె గొంతు హాలంతా వినబడ్డది. నవ్వుతరేమోనని నేను బిక్కచచ్చిపోయిన. ఒక్కరూ నవ్వలేదు. ఈలలు ఆగిపోయినయి. మగవాళ్ల దిక్కు నుంచి ఒక పెద్దాయన, "సచ్ బోలీ, అమ్మా, నిజం చెప్పినవ్" అన్నడు. అత్తమ్మ కూలబడి, అన్నాళ్లూ ఆపుకున్నదంతా ఒక్కసారే ఏడ్చింది. ఖాలా ఆమె తలను ఒళ్లోకి తీసుకున్నది. వెనుక వరుసలో ఎవరో తల్లి తన పిల్లకు తెచ్చుకున్న మంచినీళ్ల సీసా మా చేతికిచ్చింది. నోరు మూసుకొమ్మని ఎవ్వరూ అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో అత్తమ్మ, "రేపు బహదూర్‌పురా పోదాం" అన్నది. ఖాలా, నేను మొహమొహాలు చూసుకున్నం.

మర్నాడు పోయినం. అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్ల, కొత్తవాళ్లమని బెదరకుండా నవ్వుకుంట వచ్చి, పడిపోకుండా అత్తమ్మ కొంగు పట్టుకొని నిలబడ్డది. అత్తమ్మ చాలాసేపు ఆ మొహంలోకి చూసి, "నవ్వు మా పిల్లదే" అని ఎత్తుకున్నది. అటెన్క ఆమె పోని వారం లేదు.

ఆ టాకీసు ఇప్పుడు ఫంక్షన్ హాలు అయింది. ఖాలా లేదు, అత్తమ్మా లేదు. మనింట్లో ఎవరికైనా దుఃఖమొస్తే తలుపు దగ్గరికి వేసుకుంటున్నం, పక్కింటివాళ్లకు తెలిస్తే ఏమనుకుంటరోనని టీవీ గొంతు కూడా పెంచుతున్నం. ముక్కూమొహం తెలియని అంతమంది మధ్యన ఒక తల్లి లేచి నిలబడితే, తమ ఈలలు ఆపుకొని, ఆమె ఏడుపు అయ్యేదాకా ఓపిక పట్టిన ఆ జనం ఎటుపోయిన్రో, ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టదు.